1968 సీజన్ మళ్లీ ఆడిస్తే గిబ్సన్ తేలిపోతున్నాడేంటి?

ప్రశ్న: అవుట్ ఆఫ్ ది పార్క్ అనే బేస్‌బాల్ కంప్యూటర్ గేమ్‌లో 1968 సీజన్ ఆడిస్తున్నా. పిచర్ (బంతి విసిరేవాడు) బాబ్ గిబ్సన్ అసలు ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున తన ఖాతాలో పడిన పరుగులు, ఎంత తక్కువైతే అంత మేలు) 1.12 కదా, నాకు మూడుసార్లూ 2 దాటేసింది. సెట్టింగ్స్‌లో ఏమైనా తప్పు చేశానా?

జవాబు: తప్పేం లేదండీ. ఆ 1.12లో ప్రతిభతో పాటు అదృష్టమూ ఉంది, గేమ్ ప్రతిభను తీసుకుని పాచికలు మళ్లీ కొత్తగా వేస్తుంది. అంత బాగా వేసి కూడా 9 మ్యాచ్‌లు ఓడాడు పాపం!

జవాబు: బ్రో, పిచర్లను మార్చే సెట్టింగ్ చూశావా? ఆ ఏడాది గిబ్సన్ 34 మ్యాచ్‌లు మొదలుపెట్టి 28 తనే ముగించాడు, ఇప్పటి పద్ధతి ఉంటే గేమ్ అతన్ని ఆరో ఇన్నింగ్స్‌కే బయటికి తీసేస్తుంది. పైగా పిచర్లు నిలబడి విసిరే దిబ్బను 15 నుంచి 10 అంగుళాలకు తగ్గించింది 1969లో, పొరపాటున ఆ ఏడాది లెక్కలు పెట్టావంటే పిచర్లందరికీ బాదుడే.

అడిగినవాణ్నే: అయ్యో, 1969వే ఉన్నాయి!