స్లీవ్ సర్జరీ తర్వాత రాత్రి రైలు ప్రయాణంలో నీళ్లు తాగడం ఎలా?

నాకు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ (బరువు తగ్గడానికి జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని తొలగించే శస్త్రచికిత్స) జరిగి 9 వారాలైంది. ప్రయాణానికి డాక్టరుగారు అనుమతించారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా గంటకోసారి లేచి నడవమన్నారు, దానితో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా నీళ్లతోనే. ఇంట్లో గుక్క గుక్కగా రోజుకు లీటరున్నర తాగగలుగుతున్నాను గానీ, ఈ నెలలో హైదరాబాదు నుంచి విజయవాడకు రెండుసార్లు బస్సులో వెళ్లినప్పుడు ఐదున్నర గంటల్లో 200 మి.లీ. కూడా లోపలికి పోలేదు. దిగేసరికి కళ్లు తిరిగాయి, మూత్రం ముదురు పసుపు రంగులో వచ్చింది. మొదటిసారి ఆ లోటు పూడ్చుకోవాలని ఒకేసారి నాలుగు గుక్కలు తాగితే ఛాతీ కింద పట్టేసినట్లయి వాంతి అయింది. రెండోసారి ఫోనులో 10 నిమిషాలకోసారి అలారం పెట్టుకున్నాను, కుదుపుల వల్ల కలిగిన వికారంతో అదీ సాగలేదు. ఓఆర్‌ఎస్ తీపి సహించలేదు, పలుచని మజ్జిగ మూడు గంటలకే పులిసింది, ఇంటి దగ్గర కలిపి తీసుకెళ్లిన ప్రోటీన్ పౌడరు వాసన మారిపోయింది.

వచ్చే నెల సికింద్రాబాదు నుంచి విశాఖపట్నానికి రాత్రి రైలులో సుమారు 12 గంటలు తప్పనిసరిగా ప్రయాణించాలి. ఈ శస్త్రచికిత్స చేయించుకున్న మొదటి మూడు నెలల్లోనే ఇంత దూరం వెళ్లినవారు దారిలో ఏ పానీయాన్ని, ఎంత మోతాదులో, ఎంత వ్యవధికోసారి తీసుకున్నారో దయచేసి చెప్పగలరా?