మాగ్నస్ ఆర్కైవ్స్ రెండో సీజన్: భయం పెరిగిందా, డిటెక్టివ్ కథ అయిపోయిందా?

చీకటిగది

ముందే చెప్తున్నా, 80వ ఎపిసోడ్ దాకా ఉన్న గుట్టులన్నీ ఈ చర్చలో బయటపడతాయి. అంతవరకు వినని వాళ్లు ఇక్కడే ఆగిపోండి.

‘ది మాగ్నస్ ఆర్కైవ్స్’ ఒక భయానక ఆడియో నాటకం, పాడ్‌కాస్ట్‌గా వచ్చింది, మొత్తం ఐదు సీజన్లు. సీజన్‌కి 40 చొప్పున 200 ఎపిసోడ్లు, 2016లో మొదలై 2021లో ముగిసింది. మొదటి సీజన్ పద్ధతి తెలిసిందే. లండన్‌లో అతీంద్రియ విషయాల మీద పనిచేసే ఒక సంస్థ, దాని రికార్డు గదికి కొత్త అధికారిగా వచ్చిన జోనథన్ (జాన్) సిమ్స్. ఎవరో ఎప్పుడో ఇచ్చిపోయిన వాంగ్మూలాన్ని క్యాసెట్ రికార్డర్ ముందు కూర్చుని చదువుతాడు. ఇరవై, పాతిక నిమిషాల్లో సరి. అసలేం జరిగిందో తేలదు. తేలకపోవడం దగ్గరే భయం ఉంది.

41 నుంచి 80 దాకా నడిచే రెండో సీజన్‌లో ఈ పద్ధతికి ఒక తోక తగిలించారు. వాంగ్మూలం అయ్యాక ‘సప్లిమెంటల్’ అంటూ జాన్ మళ్లీ మొదలుపెడతాడు. తనకంటే ముందు ఆ ఉద్యోగంలో ఉన్న గెర్‌ట్రూడ్‌ని ఎవరు కాల్చి చంపారు, తన సహాయకులు టిమ్ మీద అనుమానం, మార్టిన్ మీద అనుమానం, ఇదే గొణుగుడు. నా ఫిర్యాదు ఏమిటంటే, ఈ తోక వచ్చాక వినేవాడి చెవి మారిపోతుంది. 59వ ఎపిసోడ్‌లో హిల్ టాప్ రోడ్ పేరు వినపడగానే మనసు భయపడటం మానేసి 8వ ఎపిసోడ్‌కి పరిగెడుతుంది. సాలెగూడు కనిపిస్తే ‘ఓహో, సంస్థ సామాన్ల గదిలో ఉన్న ఆ బల్ల’ అనుకుంటాం. ప్రతి కథా ఒక ఆధారమైపోయింది. ఆధారాలు పోగేసుకునేవాడికి ఒళ్లు జలదరించదు.

ఇక 80వ ఎపిసోడ్‌లో శాపగ్రస్త పుస్తకాల లైట్నర్ వచ్చి కూర్చుని పాఠం చెప్పడం గురించి వేరే చెప్పాలా?

టేపుపురుగు

చీకటిగది గారూ, మీరు సప్లిమెంటల్ మీద అంత రాసి జాన్ మరో సహాయకురాలు సాషా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. రెండో సీజన్ మీద తీర్పు చెప్పాలంటే మొదలుపెట్టాల్సింది అక్కడ.

39వ ఎపిసోడ్‌లో పురుగుల దాడి జరుగుతున్నప్పుడు సాషా సామాన్లు దాచే గదిలోకి వెళ్తుంది. అక్కడ బల్ల దగ్గర ఉన్న జీవి ఆమెని మింగేసి ఆమె స్థానంలో బయటికి వస్తుంది. మొదటి సీజన్‌లో సాషాకి గొంతు ఇచ్చింది లాటీ బ్రూమ్‌హాల్. ఆ తర్వాత ఆ పేరుతో తిరిగేదానికి గొంతు ఇచ్చింది ఎవలిన్ హ్యూయిట్. మనకి గొంతు మారినట్టు వినిపిస్తూనే ఉంటుంది. జాన్‌కీ టిమ్‌కీ మార్టిన్‌కీ వినిపించదు, ఎందుకంటే వాళ్ల జ్ఞాపకాలు కూడా మారిపోయాయి.

ఇక్కడ రచయిత దాక్కున్నది వినేవాడి మర్యాద వెనక. ఆడియో నాటకాల్లో ఒక పాత్రకి నటి మారడం మామూలే. కొత్త గొంతు వినపడితే ‘పాత అమ్మాయి మానేసినట్టుంది’ అనుకుని సర్దుకుపోతాం. ఆ సర్దుబాటునే ముసుగుగా వాడుకున్నారు. 39 జాగ్రత్తగా విననివాళ్లు దాదాపు నలభై ఎపిసోడ్లు ఆ ముసుగు వెనక ఏముందో చూడకుండా నడుస్తారు. విన్నవాళ్ల పని ఇంకా కష్టం. జాన్ ఆమె పక్కన నిలబడి అందరి మీదా అనుమానపడుతుంటే, ‘పక్కకి చూడవయ్యా’ అని అరవాలనిపిస్తుంది. సినిమాలో ముఖం మారిస్తే అందరికీ కనపడుతుంది కాబట్టి ఈ పని కుదరదు. పుస్తకంలో అసలు గొంతే లేదు. చెవి ఒక్కటే ఉన్న చోట మాత్రమే పండే ఎత్తు ఇది.

అందుకే సప్లిమెంటల్‌ కూడా అవసరమైంది. అతని అనుమానం దారి తప్పిన కొద్దీ మన కంగారు పెరుగుతుంది. దాన్ని తీసేస్తే సాషా విషయం ఉత్త చమత్కారంగా మిగిలిపోతుంది.

అర్ధరాత్రిశ్రోత

సాషా విషయం ఒప్పుకుంటా గానీ, మొదటి సీజన్‌లో ఆమెకి సొంతంగా పెద్ద సన్నివేశం అంటే 26, ‘ఎ డిస్టార్షన్’. మిగతా చోట్ల తక్కువే. గుర్తుంచుకునేంత గొంతు మనకి ఇవ్వకుండా, ఆ గొంతు మారింది గుర్తుపట్టలేదేం అంటే ఎలా? ఎత్తు గొప్పది, పునాది పలచన.

టేపుపురుగు

పునాది పలచన అన్నది కొంతవరకు నిజం. కానీ నియమాలు మాత్రం 3వ ఎపిసోడ్‌లోనే పెట్టేశారు. ‘అక్రాస్ ది స్ట్రీట్’లో ఎమీ పటేల్ ఎదురింటి అతను మారిపోతాడు. అందరి దగ్గరా ఉన్న ఫోటోలు కొత్త మనిషివిగా మారిపోయినా, పోలరాయిడ్లలో మాత్రం పాత ముఖమే ఉంటుంది. అంటే రసాయనం మీద పడిన బొమ్మని ఆ జీవి తుడిచేయలేదు. మరి అయస్కాంత టేపు మీద పడిన గొంతు? నిజమైన వాంగ్మూలాలు కంప్యూటర్‌లోకి ఎక్కవు, క్యాసెట్‌కి మాత్రమే ఎక్కుతాయి అని మొదటి ఎపిసోడ్ నుంచీ చెప్తున్నది ఊరికే వాతావరణం కోసం కాదన్నమాట. 77, ‘ది కైండ్ మదర్’లో తల్లి స్థానంలో వేరెవరో వచ్చిన కేసు చదివాకే జాన్ తన పాత టేపుల వైపు తిరుగుతాడు. ఆ టేపుల్లో సాషా గొంతు అలాగే ఉంది. 3 నుంచి 77 దాకా పట్టుకున్న తాడు ఎక్కడా తెగలేదు.

ఒక్కరికి మాత్రం అసలు మనిషి గుర్తుండటం కూడా 3లోనే ఉంది. ఇక్కడ ఆ ఒక్కరు వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చిన మెలనీ కింగ్. ఆమె మాటని జాన్ పెద్దగా పట్టించుకోడు.

సౌండ్‌గోల

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ‘భయం తగ్గింది’ అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం స్క్రిప్టు కాదు, యాప్ సెట్టింగులు.

మొదటిది, నిశ్శబ్దం కత్తిరించే ఆప్షన్. చాలా పాడ్‌కాస్ట్ యాప్‌లలో ఉంటుంది, కొందరు ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోతారు. మాటల మధ్య ఖాళీని యాప్ చెత్త అనుకుని తీసేస్తుంది. ఈ నాటకంలో ఖాళీయే సగం నటన. జాన్ ప్రశ్న అడిగాక సాషా కాస్త ఆలస్యంగా జవాబిచ్చే చోట్లు కత్తెరలో పోతాయి.

రెండోది వేగం. 1.5 రెట్లు పెడితే ఈ కాలం యాప్‌లు శ్రుతి మారకుండా చూసుకుంటాయి కాబట్టి తేడా తెలియదనుకుంటాం. కానీ 2 సెకన్ల మౌనం 1.33 సెకన్లు అవుతుంది. భయపెట్టే మౌనం మామూలు ఊపిరి అయిపోతుంది. పైగా ఇద్దరు నటీమణుల గొంతుల మధ్య తేడా ఎక్కువగా మాట నడకలో ఉంది, ఆ నడకనే మీరు పరుగు పెట్టిస్తున్నారు.

మూడోది, గొంతు పెంచే ఆప్షన్. అది చిన్న శబ్దాలని పైకి లాగుతుంది, దాంతో టేపు బుస కూడా పైకి వస్తుంది. బుస ఎప్పుడూ ఒకే ఎత్తులో మోగుతుంటే మెదడు రెండు నిమిషాల్లో దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఆ తర్వాత రికార్డర్ క్లిక్‌మని ఆగినా ఉలికిపాటు రాదు. మూడూ ఆపి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మామూలు వేగంలో వినండి.

అన్నట్టు, ఎపిసోడ్ నిడివి C-60 క్యాసెట్‌లో ఒక వైపుకి సరిపోతుంది. దానికి వైపుకి 30 నిమిషాలు. కావాలని చేశారో, అలా కుదిరిందో గానీ, వాంగ్మూలం మధ్యలో టేపు తిప్పాల్సిన అవసరం ఎందుకు రాలేదో జవాబు దానంతటదే దొరికింది.

చీకటిగది

సౌండ్‌గోల గారి మాట పనికొచ్చేదే, కానీ నా ఫిర్యాదు స్క్రిప్టు మీదే. 80 సంగతి ఎవరూ మాట్లాడరేం? 79లో బల్ల లోంచి బయటపడ్డది సొరంగాల్లో జాన్ వెంట పడుతుంది. మొత్తం సీజన్‌లో అంతకంటే ఉద్వేగం లేదు. దాన్నుంచి లైట్నర్ కాపాడతాడు. జర్గెన్ లైట్నర్ అంటే మొదటి సీజన్ నుంచీ ఆ శాపగ్రస్త పుస్తకాల మీద ముద్రగా మాత్రమే తెలిసిన పేరు. పేరుగా ఉన్నంతకాలం అతను భయంకరుడు. కూర్చుని వివరించడం మొదలుపెట్టగానే మాస్టారు. లోకం వెనక శక్తులున్నాయి, ఈ సంస్థ కూడా వాటిలో ఒకదానిదే అని చెప్తాడు. పద్నాలుగు శక్తుల పేర్ల పట్టిక ఎలాగూ మూడో సీజన్‌లో 111 దాకా రాదు. మరి సగం పాఠం ఇక్కడెందుకు? తెలియనిదానికి పేరు పెట్టిన క్షణం అది సగం చచ్చినట్టే.

అర్ధరాత్రిశ్రోత

ఈ విషయంలో చీకటిగది గారి వైపే నేను.

టేపుపురుగు

నేను కాదు. ఆ పాఠం ఎర. సీజనంతా ‘చంపింది ఎవరు’ అని అడిగించి, చివరికి అన్నీ తెలిసిన ముసలాయన్ని తెచ్చి కుర్చీలో కూర్చోబెడతారు. హమ్మయ్య, జవాబులొస్తున్నాయి అని మనం వెనక్కి వాలతాం. జాన్ సిగరెట్ కోసం బయటికి వెళ్తాడు. సంస్థ అధిపతి ఇలియస్ లోపలికి వచ్చి లైట్నర్‌ని ఇనప గొట్టంతో కొట్టి చంపేస్తాడు. గెర్‌ట్రూడ్‌ని చంపింది ఎవరో మనకి తెలిసిపోతుంది. జాన్‌కి తెలియదు. తిరిగొచ్చేసరికి అతని గదిలో శవం, అనుమానం అతని మీద.

సాషా విషయంలో ఏం చేశారో ఇక్కడా అదే చేశారు. మొదటి సీజన్‌లో జాన్‌కి తెలిసినంతే మనకీ తెలుసు. రెండో సీజన్‌లో మన చెవికి తెలిసింది అతనికి తెలియదు. మీరు డిటెక్టివ్ కథ అంటున్నారు గానీ, డిటెక్టివ్ కథలో చివరికి తేల్చేది డిటెక్టివ్. ఇక్కడ అతను తేల్చింది దాదాపు ఏమీ లేదు. నిజం పట్టుకున్నానని గొడ్డలితో బల్ల పగలగొట్టాడు, ఆ జీవిని కట్టేసి ఉంచింది ఆ బల్లే. సరైన జవాబు దొరికింది, చేసిన పని తప్పయింది.

చీకటిగది

గొడ్డలి విషయం బాగుంది, ఒప్పుకుంటా. పాఠం ఎర అయితే ఆ ఎర సగానికి తగ్గించొచ్చు. పది నిమిషాల వివరణ లేకపోయినా గొట్టం దెబ్బ అంతే గట్టిగా వినపడుతుంది.

కొత్తశ్రోత

రెండో సీజన్‌లో 40 ఎపిసోడ్లూ వినాలా? అసలు కథకి సంబంధించినవి చెప్తే అవి విని మూడోదానికి వెళ్లిపోతా. గుట్టులు చదివేశాను, ఫర్వాలేదు.

టేపుపురుగు

అసలు కథకి మాత్రమే అయితే మొదటి సీజన్ నుంచి 3, 26, 39, 40 మళ్లీ వినండి. రెండోదాంట్లో 41, 43, 47, 61, ఆ తర్వాత 76 నుంచి 80 దాకా వరుసగా. 43, 61 పోలీసులు బసీరా, డైసీలవి. ఇద్దరూ తర్వాతి సీజన్లలో పెద్ద పాత్రలు. గెర్‌ట్రూడ్ పాత టేపుల్ని జాన్‌కి తెచ్చిచ్చేది బసీరానే.

అర్ధరాత్రిశ్రోత

దయచేసి ఆ జాబితా పట్టుకోకండి. చీకటిగది గారి జబ్బే మీకూ అంటుకుంటుంది. సంబంధం ఉన్నవి మాత్రమే వింటే ఇది నిజంగానే డిటెక్టివ్ కథ అయిపోతుంది. సంబంధం లేనట్టున్నవి మధ్యలో ఉండబట్టే సప్లిమెంటల్ భరించగలం. కనీసం 65, ‘బైనరీ’ వదలకండి. తన మెదడుని కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నవాడి కథ అది.

47 గురించి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేదు. హెలెన్ రిచర్డ్‌సన్ ఇళ్లు అమ్మిపెట్టే ఉద్యోగి. ఒక ఇంట్లో ఉండకూడని తలుపు తీసి, అంతులేని వసారాల్లో తిరిగి, ఎలాగో బయటపడి వచ్చి జాన్ ఎదురుగా కూర్చుని అదంతా చెప్తుంది. చెప్పడం అయ్యాక లేచి గదిలోంచి వెళ్తుంది. ఆమె వెళ్లిన తలుపు ఆ గదికి లేదు. మొదటి సీజన్‌లో ప్రమాదం చాలావరకు కాగితం మీద ఉండేది, చదివేవాడు క్షేమం. ఇక్కడ వాంగ్మూలం ఇచ్చిన మనిషిని ఆ గది గోడే మింగింది, అదీ ‘వాంగ్మూలం ముగిసింది’ అన్నాక. ఆ మాట వినపడితే కాస్త ఊపిరి తీసుకునే అలవాటు మనకి 46 ఎపిసోడ్లుగా చేశారు. భయం తగ్గిందనేవాళ్లు ఈ ఒక్కదానికి జవాబు చెప్పాలి.

చీకటిగది

47కి నా దగ్గర జవాబు లేదు. అది ఈ సీజన్‌లో అన్నిటికంటే మంచి ఎపిసోడ్. కానీ గమనించండి, దాని బలం కూడా సప్లిమెంటల్‌లో లేదు. అది వాంగ్మూలం పద్ధతినే లోపలినుంచి విరగ్గొట్టింది. ఇలాంటివి సీజన్‌కి నాలుగైదు ఉండి, జాన్ గొణుగుడు మూడు ఎపిసోడ్లకి ఒకసారి వచ్చుంటే నేను ఈ చర్చే మొదలుపెట్టేవాణ్ని కాదు.

మార్టిన్ మీద అనుమానపడి, అతను దాస్తున్న మహా రహస్యం ఉద్యోగ దరఖాస్తులో చదువు గురించి చెప్పిన అబద్ధం అని తేలే ఘట్టం ఒక్కటి మాత్రం మినహాయింపు. అది ఉంచేయొచ్చు.

సౌండ్‌గోల

కొత్తశ్రోత గారూ, ఎవరి జాబితా వాడినా సరే, 26 అయ్యాక మధ్యలో వేరేది వినకుండా, రెండో సీజన్‌లో సాషా మాట్లాడే ఏదో ఒక చోటికి నేరుగా వెళ్లండి. రెండు గొంతుల్నీ పక్కపక్కన పెట్టి ఒకసారి వింటే చాలు, ఆ తర్వాత ఆమె మాట్లాడిన ప్రతిచోటా చెవి దానంతటదే నిక్కబొడుచుకుంటుంది. నిశ్శబ్దం కత్తిరించే ఆప్షన్ ఆపడం మాత్రం మరవకండి.