‘దట్ స్పిరిట్’: సారమా, సారాయా?

అర్ధానుస్వారం:
ఈగల్స్ బృందం పాట ‘హోటల్ కాలిఫోర్నియా’ రెండో చరణంలో, కెప్టెన్ని పిలిచి వైన్ తెమ్మన్నాక అతనిచ్చే జవాబు. 1969 నుంచి ఇక్కడ ‘దట్ స్పిరిట్’ లేదంటాడా, ‘ద స్పిరిట్’ లేదంటాడా? ‘దట్’ అయితే అడిగిన వైన్‌నే స్పిరిట్ (మద్యం) అన్నట్టు. ‘ద’ అయితే వైన్‌తో సంబంధం తెగి, వట్టి చైతన్యమే మిగులుతుంది. తెలుగు చేయబోతే ఈ ఒక్క అక్షరం దగ్గర బండి ఆగింది.

ఆరో తీగ:
దట్ అనేనండీ, సందేహం అక్కర్లేదు. అసలు వినాల్సింది ఆ మాట కింద నడిచే స్వరాలు. పాట బి మైనర్‌లో. గిటార్ ఏడో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపెట్టే బిగింపు) పెట్టి ఈ మైనర్ పట్టుతో మొదలుపెడతారు. సంవత్సరం పలికే చోట వచ్చేది ఈ మేజర్, అంటే కేపోతో ఏ పట్టు. ‘బి’ని షడ్జమం అనుకుంటే అందులో చతుశ్రుతి ధైవతం, అంటే పై ‘ద’, పలుకుతుంది. మరుక్షణం, దూరం నుంచి గొంతులు పిలుస్తున్నాయనే చోట జీ మేజర్ వచ్చి అది శుద్ధ ధైవతానికి, కింది ‘ద’కి, దిగుతుంది. 1969 మీద వెలుగు, ఆ వెంటనే చీకటి. కేపో తీసేసి తీగలు వదిలి వాయించేవాళ్లకి శ్రుతి దిగువకి పోవడమే కాదు, ఆ పై స్థాయి మెరుపూ పోతుంది.

బట్టీ:
ధైవతం సంగతి సరే, ద్రవం సంగతి చూడండి. వైన్ పులిసేది, స్పిరిట్ బట్టీలో కాచేది. మన కల్లుకీ సారాకీ ఉన్న తేడాయే. పులిసేదానిలో మద్యం 14, 15 శాతం దగ్గరికి వచ్చేసరికి మామూలుగా ఈస్ట్ తన విషానికి తానే చస్తుంది. అంతకు బాగా మించాలంటే కాచి ఆవిరి పట్టాల్సిందే. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, నీళ్లు 100కి గాని మరగవు. ముందు లేచే ఆ ఆవిరికే పాతకాలపు రసవాదులు ఊపిరి, ప్రాణం అనే అర్థంలో స్పిరిట్ అని పేరు పెట్టారు. కాబట్టి ‘దట్’ ఉంటే కెప్టెన్ తప్పు మాట్లాడినట్టే.

తాళపత్రం:
ఈ ఆక్షేపణ పాట రాసినవాళ్లలో ఒకడు, పాడినవాడు అయిన డాన్ హెన్లీ ఎదుటే పెట్టారు. 2009లో క్లీవ్‌లాండ్ పత్రిక విలేకరి ఇదే అడిగాడు. తేడా తనకి బాగా తెలుసనీ, రూపకం మీరే పట్టుకోలేదనీ, ఆ పాదానికి మద్యంతో సంబంధం దాదాపు లేనే లేదనీ, అది సామాజిక రాజకీయ వ్యాఖ్య అనీ హెన్లీ జవాబు. శాంతికి గుర్తైన వుడ్‌స్టాక్ సంగీతోత్సవం 1969 ఆగస్టులో, హింసతో చెడిన ఆల్టమాంట్ కచేరీ అదే ఏడాది డిసెంబరు 6న. ఆల్బమ్ వచ్చింది 1976 డిసెంబరులో. ఏ స్పిరిట్ పోయిందో ఇంతకంటే చెప్పాలా?

బట్టీ:
కవి కాదన్నంత మాత్రాన మద్యం ఆవిరైపోదు మాస్టారూ. పైగా పోర్ట్ వైన్ అడిగి ఉంటే? పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష స్పిరిట్ పోసి ఈస్ట్‌ని చంపేస్తారు. తీపి మిగులుతుంది, బలం 20 శాతం దాకా వెళ్తుంది. వైన్‌లోనే స్పిరిట్. కెప్టెన్ తప్పు లేదు.

తాళపత్రం:
పోర్ట్ అని పాటలో ఎక్కడా లేదు. ‘వైన్’ ఎందుకుందంటే ‘నైన్’తో అంత్యప్రాస కుదరడానికి. అయితే ఏది ముందు పుట్టింది? సంవత్సరం కోసం వైన్ వచ్చిందా, వైన్ కోసం సంవత్సరమా? 1968 అయితే ‘ఎయిట్’, ప్రాస చెడుతుంది. నా మటుకు సంవత్సరమే ముందు.

యడాగమం:
అది అభంగ శ్లేష అండీ. మాట విరగకుండానే రెండర్థాలు. శ్లేషలో పైకి కనిపించే అర్థం గట్టిగా నిలబడకపోతే లోపలిదీ కూలిపోతుంది. ఒకే పద్యాల్లో రామాయణం, భారతం రెండూ చెప్పే రాఘవపాండవీయంలో పింగళి సూరన రామకథ కోసం భారతకథనీ, భారతం కోసం రాముణ్ణీ ఎక్కడా కుంటనివ్వడు. రెండు కథలూ సొంత కాళ్ల మీద నడుస్తాయి. కాబట్టి మద్యమూ కావాలి, చైతన్యమూ కావాలి. తెలుగులో ఆ రెండూ ఒకే మాటలో ఉన్నాయి కదా: సారం, సారా.

తాళపత్రం:
సూరన మాట వచ్చింది గనక: తనకి ముందు భీమకవి అలాంటి కావ్యం చెప్పాడని పెద్దలు అనడమే గాని అందులో ఏదీ నిలిచి ఎవరికీ కనబడలేదని సూరనే చెప్పుకున్నాడు. కళాపూర్ణోదయంలో తిరగేసి చదివితే సంస్కృతమయ్యే తెలుగు పద్యం సంగతి అందరికీ తెలిసిందే. సభంగంలో, అంటే మాట విరిచి చేసే శ్లేషలో, భట్టుమూర్తి ఒక మెట్టు పైన అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. సూరన శ్లేషలో కథ ఆగదు.

బట్టీ:
సారం, సారా ఒక మాట కాదు. సారా మన దగ్గరికి ‘శరాబ్’ నుంచి వచ్చింది.

యడాగమం:
శరాబ్‌లో మొదటి అక్షరం హ్రస్వం, మనది దీర్ఘం. చివరి ‘బ్’ ఎక్కడికి పోయింది? తమిళంలో సారాయం, మలయాళంలో చారాయం, కన్నడంలో సారాయి. వరస చూస్తే సారం వైపే మొగ్గుతోంది. పైగా వైన్‌ని ‘ద్రాక్షసారాయి’ అన్న భాష మనది. కెప్టెన్ చేశాడన్న తప్పు తెలుగువాళ్లు ఎప్పుడో చేసి కూర్చున్నారు!

అర్ధానుస్వారం:
అయితే తేటగీతిలో ఇలా కుదురుతుందా?
‘సార మిచ్చోట లేదయ్య చాల యేండ్లు’.

యడాగమం:
గణాలు సరే, సా-చా యతి సరే. ‘సారమిచ్చోట’ అన్నారు గనక సారం ఒక్కటే వినబడుతుంది, సారా చెవికి రాదు. అంతకంటే పెద్ద నష్టం, సంవత్సరం పోయింది.

ఆరో తీగ:
సంవత్సరం ఉంచితే ఇంకో చిక్కు. తెలుగులో 1969 అనగానే తెలంగాణ ఉద్యమం గుర్తొస్తుంది, వుడ్‌స్టాక్ కాదు. పాట కాలిఫోర్నియాలోనే ఉండాలంటే చుట్టూ ఉన్న మాటలు అక్కడివే అయి ఉండాలి.

యడాగమం:
ఉండనివ్వండి, చెవికి ఇంకో పొర. కందంలో పెడితే సంవత్సరం అచ్చంగా అమరుతుంది. ‘అరువది’ నాలుగు లఘువులు, ఆరో గణానికి నలం సరిపోయింది. పక్కనే ‘తొమ్మిది’ భగణం.

సారా యిచ్చోట గనము
దూరకు మయ్యా యరువది తొమ్మిది నుండిన్

దూ-తొ యతి. సారా + ఇచ్చోట అంటే యడాగమం, మధ్యలో ‘య’ చేరుతుంది. సారాయి + ఇచ్చోట అన్నా అదే రూపం. గబగబా చదివితే ‘సారా ఇచ్చు చోటు’ కూడా. సభంగం కింద మూడు విరుపులు.

తాళపత్రం:
విరుపులు మూడు, అర్థం ఒకటే! మూడూ కలుపుకుంటే సారా కొట్టు. చైతన్యం ఏదీ? మూలంలో ప్రాణం అదే. ఉత్తరార్ధం ఇలా ఉండాలి:

సారమె పోయిన చోటను
వారుణి నడిగిన దొరకునె వాకిట నిలువన్?

మొదటి పాదంలో సారా, మూడో పాదంలో సారం, ప్రాస ‘ర’ చెడలేదు.

బట్టీ:
రెండు మాటలు పక్కపక్కన పెడితే శ్లేష కాదు కదండీ. మూలంలో ఉన్నది అభంగమని యడాగమం గారే అన్నారు.

తాళపత్రం:
అభంగం నాలుగో పాదంలో ఉంది, చూసుకోండి. వారుణి అంటే మద్యం, వారుణి అంటే వరుణుడి దిక్కు, పడమర. సూర్యుడు వారుణిని చేరి పడిపోయాడని మన కవులు సాయంకాలాన్ని ఎన్నిసార్లు వర్ణించలేదు! కాలిఫోర్నియా ఆ దేశానికి పడమటి అంచు. పాటలో ఆమె నిలబడేదీ వాకిట్లోనే.

ఆరో తీగ:
వారుణి బాగుంది. కాని పాడేటప్పుడు ‘నైన్టీన్ సిక్స్టీ నైన్’ మొత్తం పలుకుతారు. మీ కందంలో పంతొమ్మిది వందలు ఎగిరిపోయాయి.

యడాగమం:
‘పందొమ్మిది’ అని మొదలుపెట్టి చూడండి, రెండో అక్షరం దొ, ప్రాస గల్లంతు. పాదం మధ్యకి నెట్టాలి, అక్కడ ఆరో గణం ఒప్పుకోదు.

అర్ధానుస్వారం:
పద్యం పూర్తయినందుకు సంతోషమేగాని, నాలుగు పాదాల్లోనూ ‘దట్’కి ‘ఆ’ లేదు. నేనడిగింది దాని గురించే.

యడాగమం:
పెట్టొచ్చు. ఆ + సారా, త్రికసంధితో ‘అస్సారా’. అయితే రెండో అక్షరం ‘స్సా’ అవుతుంది, నాలుగు పాదాలకీ ద్విత్వ సకార ప్రాస వెతకాలి. సంధి చేయకుండా ‘ఆ సారా’ అని వదిలేస్తే ప్రాస ఒట్టి ‘స’. వాసన, కాసిని, గ్రాసము… ‘ద’తో గాని ‘త’తో గాని మొదలై రెండో అక్షరం ‘స’ ఉన్న మాట, తొ-కి యతి కుదిరేది, ఏదైనా తడుతోందా?

బట్టీ:
దోసెడు.