ప్లాన్ 200, స్పీడ్ టెస్ట్ 94, టొరెంట్ మాత్రం పాకుతోంది (క్యూబిట్‌టొరెంట్, బెంగళూరు)

మహదేవపుర_వాసి:
అందరికీ నమస్కారం. బెంగళూరు మహదేవపురలో అపార్ట్‌మెంట్, లోకల్ ప్రొవైడర్ ఫైబర్. ప్లాన్‌లో డౌన్‌లోడ్ 200 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 25. వైఫై కాదు, ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టే చూస్తున్నా. విండోస్ 11, టొరెంట్లకి (ఒకరి నుంచి ఒకరు ఫైలు ముక్కలు పంచుకునే పద్ధతి) క్యూబిట్‌టొరెంట్ వాడుతున్నా. సెట్టింగ్స్ ఏవీ ముట్టుకోలేదు.

స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ 94, అప్‌లోడ్ 22. పొద్దున చూసినా అర్ధరాత్రి చూసినా అదే 94.
ఉబుంటు (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఐఎస్ఓ ఫైలు టొరెంట్ పెడితే సెకనుకు 3, 4 ఎంబీ.
ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత తెలుగు పుస్తకాల స్కాన్లయితే 300 నుంచి 700 కేబీ. కొన్ని 99 శాతం దగ్గర ఆగి కూర్చుంటున్నాయి.

టొరెంట్ నడుస్తున్నంతసేపు ఇంట్లో వాట్సాప్ కాల్ కూడా తెగిపోతోంది. కింద స్టేటస్ బార్‌లో మంట బొమ్మ ఉంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

కనెక్షన్లు_వెయ్యి:
సింపుల్ బ్రో. గ్లోబల్ కనెక్షన్లు 500 ఉంటాయి, 5000 చెయ్. ఒక్కో టొరెంట్‌కి 1000. నెట్‌లో ట్రాకర్ల (ఎవరి దగ్గర ఫైలుందో చెప్పే సర్వర్లు) లిస్టు దొరుకుతుంది, ఓ యాభై తెచ్చి అతికించు. ఎగిరిపోతుంది.

రాగితీగ:
పైన చెప్పింది మాత్రం చేయకండి, ఎందుకో చివర్లో చెప్తా. మీకున్నది ఒక్క సమస్య కాదండీ, నాలుగు కలిసి కూర్చున్నాయి. అన్నీ ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో తెలీదు. ఒక్కోటి మార్చి, ఉబుంటు టొరెంట్‌తో చూడండి. దానికి సీడ్లు (ఫైలు పూర్తిగా ఉండి పంచేవాళ్లు) వందల్లో ఉంటాయి కాబట్టి అది నెమ్మదిగా వస్తే లోపం మన వైపే.

ముందు ఆ 94 సంగతి. ఎప్పుడు చూసినా కదలని 94 అంటే ప్రొవైడర్ తప్పు కాదు. 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ లింకు మీద హెడర్ల (డేటా ముక్కల మీద అతికే అడ్రస్ సమాచారం) ఖర్చు పోను చేతికొచ్చేది 94, 95 మాత్రమే. మీ ల్యాప్‌టాప్‌కీ ఫైబర్ పెట్టెకీ మధ్య లింకు 100 దగ్గరే కుదిరింది. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, అందులో ఈథర్నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. 1000/1000 ఉండాల్సిన చోట 100/100 కనిపిస్తుంది.

చవక పెట్టెల్లో చాలావాటికి నాలుగు పోర్టులున్నా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) ఒక్కటే, మిగతావి 100వి. గిగాబిట్ పోర్టు మీద జీఈ అనో, రంగు తేడాతోనో గుర్తు ఉంటుంది, తరచూ అది లాన్ 1. కేబుల్ అందులోకి మార్చండి. మార్చినా 100 చూపిస్తే కేబుల్ తల చూడాలి. 100 లింకుకి 1, 2, 3, 6 పిన్నుల నాలుగు తీగలు చాలు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. క్లిప్పుని వెలుతురుకి పట్టి చూస్తే 4, 5 దగ్గర నీలం జత, 7, 8 దగ్గర గోధుమ జత బంగారు పళ్ల దాకా చేరాయో లేదో కనిపిస్తుంది. అపార్ట్‌మెంట్లలో గోడ లోపలి వైరు ఒకటే ఉంటే ఆ రెండు జతలూ ఇంకో కనెక్షన్‌కి లాగేయడం మామూలే. అప్పుడు తల మార్చినా లాభం లేదు, కొత్త క్యాట్ 5ఈ వైరు లాగించుకోవాల్సిందే.

ఇక కాల్ తెగడం. మీ అప్‌లోడ్ 22 ఎంబీపీఎస్, అంటే (8 బిట్లు ఒక బైటు కాబట్టి) సెకనుకు సుమారు 2700 కేబీ. క్యూబిట్‌టొరెంట్‌లో అప్‌లోడ్‌కి హద్దు పెట్టకపోతే ఆ దారి మొత్తం అదే నింపేస్తుంది. మీరు దించుకునే ప్యాకెట్లకి (డేటా ముక్కలకి) "అందింది" అనే రసీదు అదే దారిన వెనక్కి పోవాలి కదా? రసీదు క్యూలో చిక్కుకుంటే అవతలివాడు తర్వాతది ఆలస్యంగా పంపుతాడు. అప్‌లోడ్ దారి మూసుకుపోతే డౌన్‌లోడ్ పడిపోయేది అందుకే.

దీన్ని కళ్లారా చూడొచ్చు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 8.8.8.8కి (గూగుల్ సర్వర్) పింగ్ ఆగకుండా పెట్టండి, చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో అది చూపిస్తుంది. టొరెంట్ ఆపి ఉన్నప్పుడు 8 మిల్లీసెకన్లు వచ్చిందనుకుందాం. టొరెంట్ మొదలుపెట్టాక 300, 500కి ఎగిరితే దారి మూసుకుపోయినట్టే. టూల్స్, ఆప్షన్స్, స్పీడ్‌లోకి వెళ్లి అప్‌లోడ్ 2000 కేబీ పెట్టండి. పింగ్ ఇంకా ఊగుతుంటే 200 చొప్పున తగ్గించుకుంటూ రండి. మామూలు పింగ్ కంటే 20, 30 మించకుండా ఎక్కడ నిలబడితే అదే మీ అంకె. అలాగని అప్‌లోడ్ 10 కేబీకి కుదించకండి. ఇంకా దించుకుంటూ ఉన్న పీర్లు (అదే ఫైలు పంచుకునే మిగతావాళ్లు) మనమిచ్చేదాన్ని బట్టే మనకిస్తారు. సీడ్లకు ఆ లెక్క లేదు, అయితే సీడ్లు తక్కువున్న చోట పీర్లే దిక్కు.

ఇప్పుడు ఆ 5000 కనెక్షన్లు. ఇంటి రౌటర్ ప్రతి కనెక్షన్‌నీ ఒక పట్టికలో రాసుకుంటుంది, ఆ పట్టిక చిన్నది. అది నిండితే కొత్తగా ఏ వెబ్ పేజీ తెరిచినా తిరుగుతూనే ఉంటుంది, కొన్ని పెట్టెలైతే ఏకంగా రీస్టార్ట్ అవుతాయి. 200 ఎంబీపీఎస్‌కి మొత్తం 200 నుంచి 300, ఒక్కో టొరెంట్‌కి 60 నుంచి 80 చాలు. యాభై ట్రాకర్లూ అంతే. సీడ్లు ఏ ట్రాకర్‌లో నమోదయ్యారో దానికే వాళ్ల సంగతి తెలుస్తుంది. మిగతా నలభై తొమ్మిదింటినీ అడిగితే తెలీదంటాయి. ట్రాకర్ లేకుండానే పీర్లను వెతికే డీహెచ్‌టీ, పీఈఎక్స్ ఆన్‌లో ఉంటే చాలు.

గేటువే_గంగన్న:
మంట బొమ్మ గురించి. బయటివాళ్లు మీ తలుపు తట్టలేకపోతున్నారని దాని అర్థం. మీరు వెళ్లి కలవగలరు, మిమ్మల్ని ఎవరూ వచ్చి కలవలేరు. ఉబుంటులాంటి పెద్ద గుంపులో దీనివల్ల పెద్ద నష్టం లేదు, తలుపు తెరిచి ఉన్నవాళ్లు వందలమంది ఉంటారు. మూడే సీడ్లున్న టొరెంట్‌లో ఇద్దరి తలుపులు మూసి ఉన్నాయనుకోండి, మీదీ మూసి ఉంటే మీకు మిగిలేది ఒక్కడు. అరుదైన ఫైళ్ల దగ్గర తేడా కొట్టేది ఇక్కడే.

రౌటర్ పేజీలో వాన్ ఐపీ (ప్రొవైడర్ మీ రౌటర్‌కిచ్చిన అడ్రస్) చూడండి. "నా ఐపీ ఏమిటి" అని చెప్పే ఏదైనా సైట్‌లో కూడా చూడండి. రెండూ ఒకటే అయితే పోర్ట్ ఫార్వార్డింగ్‌తో (బయటి నుంచి వచ్చేదాన్ని రౌటర్ మీ ల్యాప్‌టాప్‌కి పంపేలా పెట్టడం) పని అయిపోతుంది. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు, అంటే ఒకే పబ్లిక్ ఐపీని ప్రొవైడర్ చాలా ఇళ్లకు పంచుతున్నాడు. 10తో మొదలైనా దాదాపు అదే కథ. 192.168 కనిపిస్తే మాత్రం మీ ఇంట్లోనే రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. అప్పుడు ఫైబర్ పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో (అది రౌటర్ పని మానేసి నెట్‌ని ముందుకు పంపేలా) పెట్టించండి.

చూసి ఇక్కడ పెట్టండి, మొత్తం ఐపీ అక్కర్లేదు, మొదటి రెండు అంకెలు చాలు.

మహదేవపుర_వాసి:
కేబుల్ లాన్ 3లో ఉంది. లాన్ 1కి మార్చగానే లింక్ 1000 అయింది, స్పీడ్ టెస్ట్ 191! అప్‌లోడ్ 2000 పెట్టినా పింగ్ కాస్త ఊగింది, 1800 దగ్గర నిలబడింది. కాల్స్ తెగట్లేదు.
వాన్ ఐపీ 100.72తో మొదలవుతోంది. యూపీఎన్‌పీ టిక్కు పెట్టే ఉంది, మంట పోలేదు.

గేటువే_గంగన్న:
సీజీనాటే. యూపీఎన్‌పీ మీ రౌటర్ తలుపు తీస్తుంది, నిజంగానే తీసింది కూడా. అవతల ప్రొవైడర్ గేటు మూసి ఉంటే లోపలి తలుపు తీసి ఏం లాభం? పోర్ట్ ఫార్వార్డింగ్ వీడియోలు వంద చూసినా ఇక్కడ పని జరగదు.

రెండు దారులున్నాయి. ఒకటి, ప్రొవైడర్‌ని స్టాటిక్ ఐపీ (మీకే కేటాయించిన, మారని పబ్లిక్ ఐపీ) అడగడం, నెలకు కొంత అదనంగా తీసుకుంటారు. రెండోది ఖర్చు లేనిది, ఐపీవీ6, అంటే కొత్త రకం ఐపీ అడ్రస్. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి 24తో మొదలయ్యే పొడుగాటి అడ్రస్ ఉందేమో చూడండి. ఎఫ్ఈ80తో మొదలయ్యేది లెక్కలోకి రాదు, అది ఇంటి లోపలి వరకే. 24ది ఉంటే ఐపీవీ6 దారిలో సీజీనాట్ లేనట్టే. కాకపోతే రౌటర్ ఫైర్‌వాల్ బయటి నుంచి వచ్చే ఐపీవీ6ని మామూలుగానే ఆపేస్తుంది. ముందు క్యూబిట్‌టొరెంట్‌లో లిజనింగ్ పోర్టుని (బయటివాళ్లు తట్టే తలుపు నంబరు) 49152కీ 65535కీ మధ్య ఒక అంకెకి స్థిరంగా పెట్టండి, ప్రతిసారీ మారే ఆప్షన్ ఉంటే తీసేయండి. రౌటర్ ఐపీవీ6 ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పోర్టునే, టీసీపీ, యూడీపీ రెండింటికీ అనుమతించండి. ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చేయొద్దు, ఐపీవీ6లో ఇంట్లోని ప్రతి పరికరానికీ సొంత పబ్లిక్ అడ్రస్ ఉంటుంది. విండోస్ వైపు కూడా ఈ నెట్‌వర్క్ "పబ్లిక్" అని ఉంటే "ప్రైవేట్" చేసి, క్యూబిట్‌టొరెంట్‌కి అనుమతి ఉందో లేదో చూసుకోండి.

పీర్ల జాబితాలో ఫ్లాగ్స్ కాలమ్ చూడండి. ఎవరిదగ్గరైనా పెద్ద ఐ అక్షరం కనిపిస్తే వాళ్లు బయటి నుంచి మీ దగ్గరికి వచ్చినట్టు, తలుపు తెరుచుకుందన్నమాట. పెద్ద డీ అంటే ఇస్తున్నారు. చిన్న డీ అంటే మీరు అడుగుతున్నారు, వాళ్లు ఇవ్వట్లేదు. జాబితా నిండా చిన్న డీలే ఉంటే సెట్టింగ్స్ తిప్పి లాభం లేదు, అవతలివాళ్ల అప్‌లోడే అంత.

పుస్తకాలపురుగు:
ఆర్కైవ్ టొరెంట్లు వేరే జాతి, వాటికి పై సూత్రాలు సగమే వర్తిస్తాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లలో చాలావాటికి మనుషుల సీడ్లు సున్నా. ఇచ్చేది ఆర్కైవ్ సర్వరే, వెబ్ సీడ్ రూపంలో. హెచ్‌టీటీపీ సోర్సెస్ ట్యాబ్‌లో అది కనిపిస్తుంది. ఆ సర్వర్లు కాలిఫోర్నియాలో. బెంగళూరు నుంచి పోయి రావడానికి పావు సెకను దాకా పడుతుంది, అంత దూరంలో ఒక్కో కనెక్షన్ మీద వేగం పెద్దగా పెరగదు. అందుకే ఒక్కో పుస్తకం కోసం కూర్చునే బదులు ఐదారు ఒకేసారి పెట్టండి. క్యూబిట్‌టొరెంట్ క్యూలో యాక్టివ్ డౌన్‌లోడ్లు 3 అని ఉంటుంది, 6 చేయండి. మొత్తం యాక్టివ్ టొరెంట్లు 5 అని ఉన్నదాన్ని కూడా 8 చేయాలి, లేకపోతే మొదటి మార్పు పనిచేయదు. అంతకంటే పెంచకండి, అది విరాళాల మీద నడిచే లైబ్రరీ.

ఇంకోటి, టొరెంట్‌లో పీడీఎఫ్ ఒక్కటే రాదు. పేజీల బొమ్మల జిప్, టెక్స్ట్, రకరకాల ఎక్స్ఎమ్ఎల్‌లు (పుస్తకం వివరాలుండే ఫైళ్లు) అన్నీ వస్తాయి. చాలా పుస్తకాలకు బరువంతా ఆ జిప్‌దే. కంటెంట్ ట్యాబ్‌లో పీడీఎఫ్ ఉంచి మిగతావాటికి "డౌన్‌లోడ్ చేయొద్దు" పెట్టండి.

99 దగ్గర ఆగడానికి కారణం కూడా ఆ ఎక్స్ఎమ్ఎల్‌లే. పుస్తకం వివరాలు ఎవరైనా సరిదిద్దితే సర్వర్‌లో ఆ ఫైలు మారుతుంది, మీ దగ్గరున్న పాత టొరెంట్‌లోని హ్యాష్‌తో (ఫైలు మారలేదని సరిచూసే గుర్తు) పొసగదు. క్యూబిట్‌టొరెంట్ దించుతుంది, సరిపోలలేదని పారేస్తుంది, మళ్లీ దించుతుంది. పేజీకి వెళ్లి కొత్త టొరెంట్ ఫైలు తెచ్చుకుంటే చాలావరకు తీరుతుంది. అప్పటికీ తీరకపోతే ఆ పీడీఎఫ్‌ని పేజీ నుంచే నేరుగా దించుకోండి.

పీజీ_బతుకు:
మధ్యలో దూరుతున్నా, సారీ. మారతహళ్లిలో పీజీ. రౌటర్ ఓనర్ గదిలో, పాస్‌వర్డ్ ఇవ్వరు. వైఫై ఒక్కటే గతి. నిన్నటి నుంచి డౌన్‌లోడ్ సరిగ్గా 10 కేబీ దగ్గర ఆగింది. ఓనర్ బ్లాక్ చేశారా అన్నా?

రాగితీగ:
సరిగ్గా 10 అంటే ఓనర్ పాపం ఏమీ లేదు తమ్ముడూ. కింద స్టేటస్ బార్‌లో స్పీడోమీటర్ బొమ్మ మీద చెయ్యి పడుంటుంది, ఆల్టర్నేటివ్ లిమిట్ (కావాలన్నప్పుడు వేగం తగ్గించే హద్దు) ఆన్ అయింది. దాని డిఫాల్ట్ అంకె 10 కేబీ. ఇంకోసారి నొక్కితే పోతుంది.

అదే బొమ్మ పీజీలో నీకు పనికొస్తుంది కూడా. ఆప్షన్స్, స్పీడ్‌లో ఆల్టర్నేటివ్ లిమిట్‌ని 300 కేబీ చేసి, షెడ్యూలర్‌లో పొద్దున 6 నుంచి రాత్రి 1 దాకా పెట్టు. మిగతా ఐదు గంటలు పూర్తి వేగం. అందరూ మేలుకున్న టైమ్‌లో నువ్వు లాగితే ముందు తెగేది పక్క గదివాడి ఆఫీసు కాల్. "అన్‌లిమిటెడ్" అన్న ఇంటి ప్లాన్లలో చాలావాటికి నెలకు 3300 జీబీ దాటాక వేగం పడిపోతుంది. నలభైమంది ఉంటే తలా 80 జీబీ, అంతే. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ పేరు కనిపిస్తే దానికి మారు. ఆ ఏరియాలో 2.4 మీద పక్క బిల్డింగుల రౌటర్లన్నీ ఒకదాని మీద ఒకటి అరుచుకుంటాయి.

మహదేవపుర_వాసి:
ఐపీవీ6 అడ్రస్ ఉంది, రౌటర్‌లో పోర్టు తెరిచా. పీర్ల జాబితాలో ఐ కనిపిస్తోంది, మంట పోయి పచ్చ బొమ్మ వచ్చింది. ఆరు పుస్తకాలు కలిపి 3 ఎంబీ వస్తోంది. ఉబుంటు 19 ఎంబీ దాకా వెళ్తోంది, మళ్లీ సున్నాకి పడుతోంది, మళ్లీ 19. రంపం పళ్లలా గ్రాఫ్. సేవ్ అయ్యేది యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లోకి.

రాగితీగ:
ఇప్పుడు నెట్‌ది తప్పు కాదు, డిస్క్‌ది. టొరెంట్ ముక్కలు వరసగా రావు, చెల్లాచెదురుగా వస్తాయి. తిరిగే డిస్క్ సూది ప్రతిదానికీ అటూ ఇటూ పరిగెత్తాలి. టాస్క్ మేనేజర్‌లో ఆ డిస్క్ 100 శాతం చూపిస్తుంటుంది. ఆప్షన్స్, డౌన్‌లోడ్స్‌లో "పూర్తి కాని టొరెంట్లకు వేరే చోటు వాడు" అన్నదాన్ని ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్)లోని ఒక ఫోల్డర్‌కి పెట్టండి. పూర్తయ్యాక అదే యూఎస్‌బీ డిస్క్‌కి జరుపుతుంది, అప్పుడు వరసగా రాస్తుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. ఎస్ఎస్‌డీలో దించబోయే వాటి మొత్తానికి సరిపడా ఖాళీ ఉంచుకోండి, నిండితే టొరెంట్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది.