అప్‌డేట్: ఈమాక్స్ కంపెనీ-మోడ్ సెటప్ పేజీ తిరగరాశాను

మొన్న అడిగింది ఇదీ: టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ల కోసం రాసిన కంపెనీ-మోడ్ (ఈమాక్స్ ఎడిటర్‌లో టైప్ చేస్తుంటే మిగతా పదాన్ని సూచించే ప్యాకేజీ) పేజీ చదివాక కూడా "సజెషన్లు రావట్లేదు" అంటూ అందరూ నా దగ్గరికే వస్తున్నారు, ఏం మార్చాలి అని. ఆప్షన్ల పట్టిక తీసేసి సమస్యతోనే మొదలుపెట్టమన్నారు కదా, అలాగే చేశా.

ఇప్పుడు మొదటి లైనే "రెండక్షరాలు కొడితే లిస్టు రాదు" అని. డిఫాల్ట్‌గా కనీసం 3 అక్షరాలు కొట్టి 0.2 సెకన్లు ఆగాలి. ఆ కిందే మార్చే కోడ్. దీంతోనే చాలా ప్రశ్నలు ఆగిపోయాయి.

అసలు చిక్కు బ్యాకెండ్ల (సజెషన్లు తెచ్చిచ్చే భాగాల) వరుసది. కంపెనీ-మోడ్ వాటిని పైనుంచి ఒక్కొక్కదాన్నే అడుగుతుంది. "ఇది నా పని" అన్న మొదటిదానికే అవకాశం, మిగతావాటిని పలకరించదు కూడా. స్నిపెట్లు (రెడీమేడ్ కోడ్ ముక్కలు) చూపించే యాస్నిపెట్ బ్యాకెండ్‌ని పైన పెడితే, అప్పుడు తెరిచిన ఫైల్ మేజర్ మోడ్‌కి (ఆ రకం ఫైల్‌కి ఈమాక్స్ వాడే మోడ్) స్నిపెట్లు ఉన్నంతవరకు కిందవాటికి వంతే రాదు. ఈ హెచ్చరిక దాని డాక్‌స్ట్రింగ్‌లో (కోడ్‌లోనే రాసే వివరణలో) ఉంది, కానీ కొత్తవాళ్లు అక్కడిదాకా వెళ్తారా! అందుకే పనిచేయని వరుస, పనిచేసే వరుస పక్కపక్కనే పెట్టా. అయినా రాకపోతే ఎం-ఎక్స్ కంపెనీ-డయాగ్ (కంపెనీ-మోడ్ స్థితి చూపించే కమాండ్) నడిపి, వచ్చిందంతా పంపమన్నా.

స్క్రీన్‌షాట్లు పెట్టమన్న సలహా మాత్రం పక్కనపెట్టా. థీమ్ మారితే చాలు, పాతబడిపోతాయి.