అమ్మ కంచంలో ఎడమ సగం అలాగే మిగిలిపోతోంది

ప్రశ్న:
మెదడు కుడివైపు రక్తం గడ్డకట్టి అమ్మకు ఎడమవైపు పక్షవాతం వచ్చింది. నడక కొంత కుదుటపడింది. కానీ కంచంలో కుడివైపు అన్నం తినేసి "ఇంకాస్త పప్పు వెయ్యమ్మా" అంటుంది. ఎడమవైపు పప్పు అలాగే ఉంటుంది! కంచం తిప్పితే "ఇదెప్పుడు వడ్డించావు?" అంటుంది. కళ్లు బాగానే ఉన్నాయన్నారు. ఫిజియోథెరపీ చేయిస్తున్నాం. దీనికి ఎవరిని కలవాలి?

జవాబు 1:
నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును, అంటే తినడం, బట్టలు తొడుక్కోవడం లాంటి రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాధన చేయించేదాన్ని. ఇది మతిమరుపు కాదు, మొండితనం అంతకన్నా కాదు. ఎడమవైపు ఒకటి ఉందన్న ధ్యాసే మెదడు వదిలేస్తుంది. దీన్ని నెగ్లెక్ట్ అంటారు. కుడి మెదడు దెబ్బతిన్నవారిలో ఎక్కువ. కాగితంపై అడ్డగీత గీసి మధ్యలో గుర్తు పెట్టమనండి, బాగా కుడికి జరిపి పెడతారు.

దయచేసి కంచం తిప్పకండి. ప్రేమతోనే తిప్పుతున్నారు, కానీ తిరగవలసింది అమ్మగారి తల. కంచం ఎడమ అంచుకు ఎర్రటి టేపు అంటించి, "ఎరుపు కనబడేదాకా చూడమ్మా" అనండి. వార్తాపత్రికకూ అంతే. మనం ఎడమనుంచి చదువుతాం కాబట్టి ప్రతి వరుసలో మొదటి మాటలే ఆమెకు పోతాయి. అక్కడా ఎర్ర గీత గీయండి. తినేటప్పుడు ఎడమచేయి ఒళ్లో కాకుండా బల్లమీద, కళ్లెదుట ఉండాలి. రవిక ముందు ఎడమచేతికి తొడగాలి, విప్పేటప్పుడు ఆ చేయి చివర. ఆ చేయి పట్టి లేపితే భుజం కీలు జారవచ్చు. పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకండి.

మీ న్యూరాలజిస్టును అడిగి, ఆసుపత్రి పునరావాస విభాగంలో మావాళ్లను కలవండి.

జవాబు 2:
మా ఆవిడకూ ఇలాగే అయింది. ఆమెకు ఎడమవైపే కూర్చుని మాట్లాడమని అందరూ అన్నారు. ఆమె తిరగనే లేదు, ఎవరూ లేరనుకుని ఏడ్చేది. థెరపిస్టు చెప్పాక ఎదురుగా మొదలుపెట్టి, మాట్లాడుతూ కుర్చీని కొద్దికొద్దిగా ఎడమకు జరిపేవాణ్ణి. చూపు నా వెంటే వచ్చేది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. టేపు ఈరోజే అంటిస్తాను. చూపును పక్కకు జరిపే పట్టకాల (ప్రిజమ్) కళ్లద్దాలు కొనమని కొందరు అంటున్నారు, కొనమంటారా?

జవాబు 1:
ఇప్పుడే వద్దమ్మా. 1998లో ఫ్రాన్స్‌లో రోసెట్టి అనే పరిశోధకుడి బృందం, నెగ్లెక్ట్ ఉన్నవారికి చూపును 10 డిగ్రీలు కుడికి జరిపే పట్టకాలు పెట్టి వేలితో గురిచూసి తాకించింది. అద్దాలు తీశాక చేయి, ధ్యాస ఎడమకు మళ్లాయి. అయితే అది పెట్టుకు తిరిగే అద్దం కాదు, థెరపిస్టు ఎదుట కాసేపు చేసే సాధన. ఇంటి పనుల్లో దాని ఫలితం అందరికీ ఒకేలా ఉండదు. ముందు పరీక్ష చేయించండి.