గొంతు విని మూడ్ చెప్పే బ్యాండ్ ఆఫీసులో ఫ్రీగా ఇస్తున్నారు, తీసుకోవచ్చా?

ఓఆర్ఆర్_ట్రాఫిక్:

బెంగళూరులో బెల్లందూరు దగ్గర ఒక కంపెనీలో టీమ్ లీడ్‌ని. కంపెనీ పేరు అడక్కండి, చెప్పను. పోయిన వారం హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. వెల్‌నెస్ ప్రోగ్రామ్ అట, కావాలన్నవాళ్ళకి చేతికి పెట్టుకునే బ్యాండ్ ఫ్రీగా ఇస్తారట. అడుగులు, నిద్ర, గుండె వేగం వరకు మామూలే. కొత్తదేంటంటే దీనికి మైక్ ఉంది, రోజంతా మధ్యమధ్యలో మన గొంతు విని సాయంత్రానికి ‘ప్రశాంతం’, ‘చిరాకు’, ‘ఒత్తిడి’ అంటూ ఒక చార్ట్ చూపిస్తుందట. ఏం మాట్లాడామో పట్టించుకోదు, ఎలా మాట్లాడామో మాత్రమే చూస్తుంది, ఆడియో వెంటనే డిలీట్ అయిపోతుంది అని మెయిల్‌లో బోల్డ్‌లో పెట్టి మరీ రాశారు.

బలవంతం ఏమీ లేదంటున్నారు. కానీ పెట్టుకున్నవాళ్ళకి పాయింట్లు, ఆ పాయింట్లు ఉంటే గ్రూప్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నల టాప్-అప్‌కి మనం కట్టే ప్రీమియంలో తగ్గింపు. ఇద్దరికీ షుగర్ ఉంది, నాన్నకి స్టెంట్ వేశారు, కాబట్టి ఆ తగ్గింపు నాకు చిన్న విషయం కాదు. మా మేనేజర్ అయితే అప్పుడే పెట్టేసుకుని మీటింగుల్లో అందరికీ కనపడేలా చెయ్యి ఊపుతున్నాడు.

నా డౌట్ ఏంటంటే, రాత్రిపూట అమ్మ ఒంగోలు నుంచి ఫోన్ చేస్తుంది, స్పీకర్‌లో పెట్టి వంట చేసుకుంటూ మాట్లాడతాను. మేమిద్దరం మామూలుగా మాట్లాడుకున్నా వినేవాళ్ళకి పోట్లాటే అనిపిస్తుంది. అదంతా నా ‘ఒత్తిడి’ కింద పడుతుందా? అమ్మ గొంతు కూడా దాంట్లోకి వెళ్తుందా? మా ఆయన మాత్రం ఫోన్ ఎలాగూ వింటూనే ఉంది, దీనికెందుకు టెన్షన్ అంటున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి.

శబ్దతరంగం:

నేను వైట్‌ఫీల్డ్‌లో స్పీచ్ సాఫ్ట్‌వేర్ మీదే పని చేస్తాను, ఈ బ్యాండ్ వాళ్ళతో మాత్రం ఏ సంబంధం లేదు. మెయిల్‌లో రాసింది అబద్ధం అయ్యుండక్కర్లేదు అక్కా. ఇలాంటివి మాటలు అర్థం చేసుకోకుండానే పని చేస్తాయి. గొంతు స్థాయి ఎంత పైకి పోయింది, ఎంత గట్టిగా మాట్లాడారు, ఎంత వేగంగా, మధ్యలో ఎంతసేపు ఆగారు, గొంతులో వణుకు ఉందా, ఇవన్నీ చిన్నచిన్న ముక్కల్లో కొలిచి ‘చిరాకు’ లాంటి లేబుల్ ఒకటి అతికిస్తాయి. ఆ తర్వాత ఆడియోతో దానికి పని లేదు, పారేసినా నష్టం లేదు. అందుకే ‘ఆడియో డిలీట్ చేస్తాం’ అనే హామీ చూసి సంతోషపడకండి. చెరకు పిప్పి పారేశాం అని చెబుతున్నారు, రసం ఎవరు తాగారో చెప్పడం లేదు. లేబుల్ ఎక్కడ ఉంటుంది, ఎన్నాళ్ళు ఉంటుంది, మీ పేరుతోనే ఉంటుందా, ఎవరు చూస్తారు, మీరు అడగాల్సింది అదీ.

అమ్మగారి గొంతు సంగతి. మీ గొంతునే లెక్కలోకి తీసుకుంటాం అని వాళ్ళు అనొచ్చు, దానికోసం మొదట్లో మీ చేత కొన్ని వాక్యాలు చదివించుకుంటారు కూడా. కానీ వినపడుతున్న గొంతు మీదా కాదా తేల్చుకోవాలంటే ముందు అందరి గొంతూ మైక్‌లోకి పోవాల్సిందే కదా. స్పీకర్‌లో ఉన్న అమ్మగారు, పక్క సీటు అబ్బాయి, ఆటో డ్రైవరు, వీళ్ళెవరినీ ఎవరూ అడగలేదు.

ఇది కొత్త ఐడియా కూడా కాదు. 2020లో అమెజాన్ అమెరికాలో హేలో అని బ్యాండ్ తెచ్చింది, అందులో టోన్ అనే ఫీచర్ ఇదే పని చేసేది. గొంతు ముక్కల్ని క్లౌడ్‌కి పంపకుండా ఫోన్‌లోనే చూసి చెరిపేస్తామన్నారు, మైక్ ఆపడానికి బ్యాండ్ మీద బటన్ పెట్టారు, ఎవరికి కావాలంటే వాళ్ళే ఆన్ చేసుకోవాలన్నారు. అంత చేసినా ఆ డిసెంబర్‌లోనే సెనేటర్ ఎమీ క్లోబుచార్ దీని మీద అక్కడి ఆరోగ్య శాఖకి లేఖ రాసింది. తర్వాత వచ్చిన హేలో వ్యూ అనే బ్యాండ్‌లో మైకే పెట్టలేదు. 2023 ఏప్రిల్‌లో మొత్తం ఆపేస్తున్నామని చెప్పారు, ఆగస్టు నుంచి ఆ బ్యాండ్లు పని చేయడం మానేశాయి. అయినా ఐడియా చావలేదు. 2025లో అదే అమెజాన్ బీ అనే ఇంకో కంపెనీని కొంటున్నట్టు వార్త వచ్చింది, వాళ్ళ బ్యాండ్ అయితే చుట్టుపక్కల మాటలన్నీ విని రాసి పెడుతుంది.

ఇంకోటి, ఈ లేబుళ్ళు ఎంత కరెక్ట్ అంటే నవ్వొస్తుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ రికార్డింగులు చూసే ఏది కోపమో ఏది సంతోషమో నేర్చుకుంటుంది. పరిశోధనల్లో ఎక్కువగా వాడే రావ్‌డెస్ అనే డేటాలో 24 మంది ప్రొఫెషనల్ నటులు ఉత్తర అమెరికా యాసలో రెండంటే రెండు వాక్యాల్ని రకరకాల భావాలతో చదువుతారు. తెలుగులోనూ ఒకటుంది. 2009లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు విజయవాడ ఆకాశవాణి ఆర్టిస్టులు 10 మందితో 15 వాక్యాల్ని 8 భావాల్లో చదివించి 12,000 రికార్డింగులు చేశారు. మంచి పనే, నేనూ చూశాను. కాకపోతే రేడియో నాటకంలో కోపం వేరు, సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో గంట ఇరుక్కుని ఇంటికొచ్చి అమ్మతో మాట్లాడేటప్పుడు గొంతులో ఉండేది వేరు. మీ బ్యాండ్‌ని ఏ రికార్డింగుల మీద ట్రైన్ చేశారో ఆ కంపెనీని అడిగి చూడండి. చెప్పరు.

కడప_కారం:

మా ఇంట్లో ‘అన్నం తిన్యావా’ అన్నా అది ఎర్రగా చూపిస్తుంది. మా నాయన పెట్టుకుంటే మధ్యాహ్నానికల్లా బ్యాటరీ కన్నా ముందు హెచ్‌ఆర్ వాళ్ళకి ఓపిక అయిపోతుంది 😀

నైట్‌షిఫ్ట్_నాని:

ఎలక్ట్రానిక్ సిటీలో వాయిస్ ప్రాసెస్‌లో, అంటే కాల్ సెంటర్‌లో, చేసేవాణ్ణి, ఇప్పుడు మానేశాను. మాకు బ్యాండ్ లేదు గానీ కాల్స్ మీద ఇదే రకం సాఫ్ట్‌వేర్ ఉండేది. స్క్రీన్ కుడి మూల చిన్న బొమ్మ. కస్టమర్ తిడుతుంటే మనం గొంతు కాస్త పెంచగానే పసుపు రంగుకి మారేది, అలాగే సాగితే ఎరుపు. మొదట్లో ఇది మీ హెల్ప్ కోసమే, స్కోర్ ఎవరూ చూడరు అన్నారు. తర్వాత వారం రిపోర్టులో ఒక కాలమ్ అయింది, ఆ తర్వాత అప్రైజల్ మీటింగ్‌లో మా మేనేజర్ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి ‘నీ ఎంపతీ టీమ్ సగటు కన్నా కింద ఉంది’ అన్నాడు. నేను ఏ కాల్‌లో ఏం తప్పు మాట్లాడానో వినిపించమంటే ఆడియో వినిపించడానికి పర్మిషన్ లేదట. నంబర్ ఉంది, రుజువు లేదు. దేన్ని చూపించి కాదనాలి?

ఇంకో తమాషా చెప్తాను. అందరం దాన్ని మోసం చేయడం నేర్చుకున్నాం. కాల్ ఎత్తేముందు పళ్ళు కనపడేలా నవ్వు మొహం పెట్టుకుంటే గొంతు కొంచెం పైకి పోతుంది, బొమ్మ పచ్చగా ఉంటుంది. తెల్లవారుజామున క్యాబ్ ఎక్కాక కూడా ఆ మొహం దిగేది కాదు, ఇంట్లో మా చెల్లి ‘ఏందన్నా, నాతో కూడా కస్టమర్‌తో మాట్లాడినట్టు మాట్లాడతావ్’ అనేది. విదేశాల్లోనూ ఇదే గోల, మెట్‌లైఫ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ కాల్ సెంటర్లలో వేగంగా మాట్లాడితే స్పీడోమీటర్ బొమ్మ, నీరసంగా ఉంటే కాఫీ కప్పు, జాలి చాలకపోతే గుండె బొమ్మ వస్తాయని 2019లోనే పేపర్లలో వచ్చింది.

అక్కా, మాది డ్యూటీ టైమ్‌లో మాత్రమే. మీది ఇంటికి కూడా వస్తోంది. నేనైతే తీసుకోను.

అంత_సీన్_లేదు:

అందరూ అనవసరంగా భయపెడుతున్నారు. చేతిలో ఫోన్, హాల్లో స్మార్ట్ స్పీకర్, చెవిలో ఇయర్‌బడ్స్ పెట్టుకుని తిరుగుతూ ఒక బ్యాండ్ దగ్గరికి వచ్చేసరికి ప్రైవసీ గుర్తొచ్చిందా? ప్రీమియం తగ్గుతుంటే తీసుకుని డ్రాయర్‌లో పడేయండి. మన డేటాతో ఎవరికేం పని బ్రో, అందరం టెన్షన్‌లోనే ఉన్నాం అని తేలుతుంది, అంతే.

శబ్దతరంగం:

డ్రాయర్‌లో పడేస్తే పాయింట్లు రావు బ్రో, రోజుకి ఇన్ని గంటలు పెట్టుకోవాలని రూల్ ఉంటుంది, చూసుకోండి.

ఫోన్‌తో పోలిక మాత్రం కుదరదు. ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ ఫోన్ మైక్ వాడినా పైన పచ్చ చుక్క వెలుగుతుంది, ఐఫోన్‌లో నారింజ చుక్క. ఏ యాప్ ఎప్పుడు వాడిందో సెట్టింగ్స్‌లో చూడొచ్చు, నొక్కి ఆపేయొచ్చు. బ్యాండ్‌కి దాని సొంత మైక్ ఉంటే అది విన్నప్పుడు ఫోన్‌లో ఏ చుక్కా వెలగదు. స్మార్ట్ స్పీకర్ల మాట ఎత్తారు కాబట్టి, అలెక్సా రికార్డింగుల్లో కొన్నిటిని ఉద్యోగులు కూర్చుని వింటున్నారని 2019లో బయటపడింది, పిల్లల గొంతు రికార్డింగులు చెరపకుండా ఉంచుకున్నారన్న కేసులో 2023లో అమెజాన్ 2.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అంటే ఇళ్ళల్లో ఉన్నంత మాత్రాన అది సేఫ్ అని కాదు. అన్నిటికన్నా పెద్ద తేడా, నా ఫోన్‌లో ఉన్నది చూసేవాడు నాకు యాడ్ చూపిస్తాడు. ఈ చార్ట్ చూసేవాడు నాకు హైక్ ఇవ్వాలా వద్దా నిర్ణయిస్తాడు.

కోర్టుహాల్_కబుర్లు:

లాయర్‌నే గానీ ఇది సలహా కింద తీసుకోకండి, కేసు వివరాలు తెలియకుండా సలహా చెప్పను.

ప్రైవసీ ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు బెంచ్ చెప్పింది. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి గారు మన బెంగళూరు ఆయనే, కర్ణాటక హైకోర్టులో రిటైరయ్యారు. అయితే ప్రైవేటు కంపెనీ మీద ఆ తీర్పు పట్టుకుని నేరుగా వెళ్ళడం అంత తేలిక కాదు, దానికి చట్టం కావాలి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణకి డీపీడీపీ చట్టం వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే. అందాకా 2011 నాటి ఐటీ రూల్సే దిక్కు. వాటిలో ఆరోగ్య సమాచారం, బయోమెట్రిక్స్ సెన్సిటివ్ కిందికి వస్తాయి, ‘వాయిస్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టి మరీ రాశారు, కాకపోతే మనిషిని గుర్తుపట్టడానికి వాడే సందర్భంలో. ‘ఈవిడ చిరాకుగా ఉంది’ అనే లేబుల్ దానికిందికి వస్తుందా అంటే వాదించాల్సిందే.

కొత్త చట్టంలో మీకు పనికొచ్చే మెలిక ఒకటుంది. సెక్షన్ 7లో ఉద్యోగ అవసరాల కోసం అయితే సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చని ఒక క్లాజు పెట్టారు. నా డేటా చూపించు, చెరిపేయి అని అడిగే హక్కులు (సెక్షన్ 11, 12) మాత్రం ప్రధానంగా మీరు సమ్మతి ఇచ్చిన డేటాకే. కాబట్టి హెచ్‌ఆర్‌ని ఒక్క ముక్క రాతపూర్వకంగా అడగండి: ఇది నా సమ్మతి మీద తీసుకుంటున్నారా, ఉద్యోగ అవసరం కింద తీసుకుంటున్నారా? సమ్మతి అంటే రేపు వెనక్కి తీసుకోవచ్చు. ఉద్యోగ అవసరం అంటే ‘ఇష్టమైతేనే’ అని మెయిల్‌లో ఎందుకు రాశారో వాళ్ళే చెప్పుకోవాలి.

మీ కంపెనీకి యూరప్‌లో ఆఫీసు ఉంటే ఇంకా సరదా. అక్కడి ఏఐ చట్టం ప్రకారం ఉద్యోగుల భావోద్వేగాల్ని గొంతు, మొహం లాంటి వాటి నుంచి పసిగట్టే ఏఐని ఆఫీసుల్లో వాడటం 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధం, వైద్యం, భద్రత కారణాలకి తప్ప. అక్కడి ఉద్యోగులకి ఇవ్వలేనిది మాకెందుకిస్తున్నారు అని అడగొచ్చు.

ఓఆర్ఆర్_ట్రాఫిక్:

అందరికీ థాంక్స్. లాయర్ గారు చెప్పిన ప్రశ్నే మెయిల్ పెట్టాను, ఇవాళ జవాబు వచ్చింది. సమ్మతి మీదే అట. వ్యక్తుల డేటా ఎవరికీ కనపడదు, మేనేజర్లకి టీమ్ మొత్తం సగటు మాత్రమే చూపిస్తాం అన్నారు. నా టీమ్‌లో ఉన్నదే ఐదుగురు, అందులో ఒకమ్మాయి మెటర్నిటీ లీవ్‌లో ఉంది. ఆమె ఉన్నప్పటి సగటు, లేనప్పటి సగటు పక్కపక్కన పెట్టుకుంటే ఆమె సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది. సగటు చూపించాలంటే కనీసం ఎంతమంది ఉండాలి అని మళ్ళీ రాశాను, వెండర్‌ని, అంటే బ్యాండ్ కంపెనీని, అడిగి చెప్తామన్నారు. మైక్ ఆపేసి అడుగులు, నిద్ర మాత్రం ఇస్తే పాయింట్లు వస్తాయా అని కూడా అడిగాను, దానికి జవాబు లేదు. అది రాకుండా బ్యాండ్ బాక్స్ తెరవను. ప్రీమియం ఈ ఏడాదికి మామూలుగానే కట్టేస్తాను.

మా ఆయనకి ఈ థ్రెడ్ చదివించాను. ఫోన్‌లో పచ్చ చుక్క ఎక్కడ వెలుగుతుందో చూపించమన్నాడు, చూపిస్తే కిరాణా యాప్‌కి మైక్ పర్మిషన్ ఎందుకుందని నన్నడుగుతున్నాడు.

నైట్‌షిఫ్ట్_నాని:

వెండర్ ఏం చెప్పాడో ఇక్కడ రాయండి అక్కా. మా కొత్త ఆఫీసులో కూడా ఇలాంటిదే ఏదో డెమో ఇచ్చి వెళ్ళారు, టీమ్ సైజు ప్రశ్న నేనూ అడుగుతాను.